డిగ్లీపూర్‌కి ఓడలోనే వెళ్దాం

వేసవి సెలవులు దగ్గర పడ్డాయంటే మా క్లాసులో సగంమంది విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతా టిక్కెట్ల గురించే మాట్లాడతారు. తాతగారి ఊరు వెళ్ళొద్దని నేను అనను. నేనూ వెళ్తాను. కానీ మూడేళ్ళు ఈ చౌల్దారీలో ఉండి, ఉత్తర అండమాన్ చూడకుండానే ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళిపోయిన స్నేహితులు నాకు ఇద్దరున్నారు. వాళ్ళు మళ్ళీ ఇంత దూరం ఎప్పుడు వస్తారు?

పోయిన మే మొదటి వారంలో, వానలు మొదలవకముందే, మేము డిగ్లీపూర్ వెళ్ళాం. నాన్నగారు కారు మాట్లాడతానన్నారు. ఓడలోనే వెళ్దామని నేను పట్టుబట్టాను.

ఎందుకంటే ట్రంక్ రోడ్డు జరావాల అడవిలోంచి పోతుంది. జిర్కాటాంగ్ దగ్గర బండ్లన్నీ ఆగి, పోలీసు కాపలాతో బారుగా వెళ్ళాలి. దారిలో దిగకూడదు, ఫోటో తీయకూడదు. అయినా అటు వెళ్ళొచ్చినవాళ్ళని మనం మొదట అడిగేది "జరావాలు కనబడ్డారా?" అనే. మొసలి కనబడిందా అన్నట్టే అడుగుతాం. ఆరో క్లాసులో నేనూ అడిగాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. మన వాకిట్లోంచి రోజూ బండ్లు బారులు తీరి వెళ్తూ, అద్దాల్లోంచి మన చెల్లెల్ని తొంగి చూస్తే ఊరుకుంటామా? ఆ అడవి భాగంలో రోడ్డు మూసెయ్యమని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రోడ్డు ఇంకా నడుస్తూనే ఉంది. రంగత్, మాయాబందర్ వాళ్ళు పెద్దాసుపత్రికి రావాలంటే ఆ దారే గతి, వాళ్ళని తప్పుపట్టలేం. సెలవులకి వెళ్ళే మనకి అంత తొందరేముంది?

ఓడ ప్రయాణం సుఖమని మాత్రం చెప్పను. టిక్కెట్టు కోసం నాన్నగారు పొద్దున్నే లైన్లో నిలబడ్డారు. రాత్రంతా ప్రయాణం. అమ్మకి వాంతులయ్యాయి. బంకు మీద పడుకుంటే ఇంజను మోత వీపులోకి వినిపిస్తుంది! కానీ తెల్లవారుజామున డెక్ మీదికి వెళ్తే కుడివైపు సూర్యుడు వస్తున్నాడు, ఎడమవైపు మబ్బులు కప్పుకుని శాడిల్ పీక్. ఈ దీవులన్నిట్లో అదే ఎత్తైన కొండ, 732 మీటర్లు. ఎగిరే చేపలు గుంపుగా లేచి, నీళ్ళ మీద రాయి విసిరినట్టు జారుకుంటూ పోయాయి. పక్కనున్న బెంగాలీ తాతగారు చూపించకపోతే అవి పిట్టలనుకునేదాన్ని. తర్వాత రెండు డాల్ఫిన్లు వచ్చాయి. నేను నాన్నగారిని లేపుకొచ్చేలోపు వెళ్ళిపోయాయి. ఆయన ఇప్పటికీ నమ్మరు.

ఏరియల్ బే జెట్టీ నుంచి డోంగీలో రాస్, స్మిత్ దీవులకి వెళ్ళాం. పోటు తగ్గితే రెండింటి మధ్య ఇసుక దారి తేలుతుంది, నడిచి వెళ్ళొచ్చు. కాలీపూర్ తీరానికి ఆలివ్ రిడ్లీ, గ్రీన్, హాక్స్‌బిల్, లెదర్‌బ్యాక్ అని నాలుగు జాతుల సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. కానీ అవి వచ్చేది చలికాలంలో. మేము వెళ్ళేసరికి ఒక్కటీ లేదు, వట్టి ఇసుకే. అక్కడ కూర్చుని కాసేపు ఏడుపుముఖం పెట్టాను.

నాన్నగారి ట్రాన్స్‌ఫర్ ఆర్డరు రాకపోతే ఈ డిసెంబరులో మళ్ళీ వెళ్దామని అమ్మ చేత ఒప్పించాను. ఓడలోనే. వాంతుల మాత్రలు ఈసారి ముందే కొనిపెట్టమంది.