జీపు చేసిన నేరమేమిటి?

కడప కుర్రవాడొకడు చదువు కోసం అమెరికా వెళ్ళి, డాలసులో ఉద్యోగంలో కుదురుకుని, నాలుగేళ్ళ జీతం కూడబెట్టి పాత ముస్టాంగు కారొకటి కొన్నాడనుకోండి. దాని సైలెన్సరు పీకి మరొకటి పెట్టించాడు. చక్రాలు మార్చాడు. ఇంజనులో ఏదో కొత్త సరంజామా దిగేశాడు. ఫోటో తీసి ఇంటికి పంపితే వీధి వీధంతా చూసి, "మనవాడికి ఎంత టేస్టండీ!" అని మురిసిపోతుంది.

వాడి చిన్నాన్న కొడుకు ప్రొద్దుటూరులో ఉన్నాడు. వాడూ ఒక పాత జీపు కొన్నాడు. అదీ అమెరికా పుట్టుకదే. దాని అరిగిపోయిన పెట్రోలు ఇంజను దించి డీజిలు ఇంజను ఎక్కించాడు. అదే వీధి, అదే జనం, "వీడికేం పొయ్యేకాలమొచ్చింది, రౌడీబండి కొన్నాడు!" అంటుంది. సర్కారువారు ఇంకో అడుగు ముందుకేసి "నేరస్థుడు" అంటారు. మాటవరసకు అనడం కాదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన సొంతదారుకు ఆర్నెల్ల దాకా జైలు, లేదా మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూను. మార్పు ఒక్కింటికి! ఇంజను ఒకటి, టాపు ఒకటి, బంపరు ఒకటి అని లెక్క వేసుకుంటూ పోతే జీపు ఖరీదు కన్నా జీపు పాపం ఖరీదెక్కువవుతుంది.

డాలసులో అభిరుచి అయినది ప్రొద్దుటూరులో నేరమెట్లా అయిందండీ? నా తగాదా ఇంతే.

అమెరికావాళ్ళ "మజిల్ కారు" అనే కండల కారు కథ కొంచెం చెప్పాలి. దాని పుట్టుకే నిబంధన తప్పించుకోవడంతో మొదలైంది. మధ్యరకం కార్లలో 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజను పెట్టకూడదని జనరల్ మోటార్స్‌వారు తమకు తామే ఒక కట్టడి విధించుకున్నారు. వాళ్ళ పాంటియాక్ శాఖలో జాన్ డెలోరియన్ అనే ఇంజనీరూ, ఆయన తోటివాళ్ళూ కలిసి టెంపెస్ట్ అనే సాధు కారులో పెద్ద కారు తాలూకు 389 ఘనపుటంగుళాల ఇంజను దూర్చారు. కొత్త మోడలంటే పైవాళ్ళు ఒప్పుకోరు గనక, "మోడలు కాదు బాబూ, కోరుకున్నవాళ్ళకు అదనపు సౌకర్యం" అని కాగితం మీద రాసి గట్టెక్కారు. అదే 1964లో వచ్చిన జి.టి.ఓ. అయిదువేలు అమ్ముడైతే గొప్ప అనుకుంటే మొదటి ఏడే 32,000 పైచిలుకు పోయాయి. ఆ బుద్ధి డెలోరియన్‌కు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1930ల నుంచీ కాలిఫోర్నియా కుర్రకారు పాత ఫోర్డు కార్ల ఒళ్ళు కోసి, ఇంజన్లు మార్చి, అక్కడి ఎండిన చెరువుల్లో పందాలు వేసుకునేవాళ్ళు. షెడ్డులో మసి పూసుకున్న పిల్లలు ముందు చేశారు, కోట్ల కంపెనీ వెనక చేసింది. (ఎండిన చెరువులకు మన సీమలో మాత్రం ఏం తక్కువ? అది వేరే ఏడుపు.)

సరే, జీపు సంగతి. 1940లో అమెరికా సైన్యం ఒక చిన్న, గట్టి బండి కావాలంటే బాంటమ్ అనే చిన్న కంపెనీ మొదటి నమూనా చేసింది. విల్లీస్, ఫోర్డు కంపెనీలు ఆ యుద్ధకాలంలో ఆరు లక్షల పైచిలుకు తయారుచేశాయి. ఇంజను 60 గుర్రాలది. యుద్ధం ముగిశాక 1947లో మహీంద్రావారు విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. బ్లాకు డెవలప్‌మెంటు ఆఫీసరుగారి జీపుగా, పోలీసు జీపుగా, ఫారెస్టు జీపుగా కర్నూలు, కడప పల్లెలు దాన్ని మొదట చూశాయి. సర్కారు దాని ఎముకలు అరగదీసి వేలం వేసింది. అప్పుడు మొదలైంది దాని అసలు బతుకు.

"అరవై గుర్రాల బండికి కండలెక్కడివయ్యా, దాన్ని ముస్టాంగుతో పోలుస్తున్నావు?" అని అడగవచ్చు. కండ అంటే పరుగేనా? పదిమంది మనుషులనూ, వాళ్ళ మూటలనూ, రెండు గొర్రెపిల్లలనూ ఎక్కించుకుని గువ్వలచెరువు ఘాటు ఎక్కమనండి ముస్టాంగును! (అక్కడ ఆగి పాలకోవా తినడం మాత్రం ఏ బండికైనా తప్పదు.) ఆదోని వైపు నల్లరేగడిలో తొలివాన పడిన మర్నాడు నడవమనండి. నల్లమలలో అహోబిలం బాటలు, బేతంచెర్ల నాపరాళ్ళ గనుల దోవలు, వంకలూ వాగులూ అడ్డొచ్చే ఊళ్ళు. బస్సు రాని చోటికి జీపు వచ్చింది. పురిటి నొప్పులతో ఉన్న ఆడమనిషిని ఆసుపత్రికి చేర్చిందీ అదే, వేరుశనగ మూటలను మండీకి మోసిందీ అదే.

ఈ చాకిరీ చేస్తూ జీపు మారింది. మారక ఏం చేస్తుంది? వెనక సీట్లు అడ్డంగా వేశారు, కమాను పట్టీలు ఒకటి రెండు ఎక్కువ బిగించారు, గుడ్డ టాపు పోయి రేకు టాపు వచ్చింది. అన్నిటికన్నా పెద్ద మార్పు గుండె మార్పిడి. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగబట్టాయి, కొద్ది నెలల్లో ముడిచమురు ధర నాలుగింతలైంది. అప్పటికే ఇన్సూరెన్సు ఖర్చులూ, పొగ మీద చట్టాలూ పీక పట్టుకున్న అమెరికా కండల కార్లను ఆ దెబ్బ మంచాన పడేసింది. ఇక్కడ అదే దెబ్బ జీపుకూ తగిలింది. కాకపోతే మనవాళ్ళు దాన్ని చావనివ్వలేదు. లీటరుకు ఏడెనిమిది కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు ఇంజనును చూసి, "దీనికి పెట్రోలు పోసేదానికంటే రెండెనుములను మేపేది మేలు సామీ" అని మేస్త్రీ తేల్చేశాడు. ఇంజను దించాడు. డీజిలు ఇంజను తెచ్చాడు. అది పాత గేర్‌బాక్సుతో అతకదు. లేతు మిషను దగ్గర కూర్చుని మధ్యలో పలక ఒకటి కొలిచి కోయించాడు. ఇంజను బరువు ఎక్కువ గనక ముందు కమానులు మార్చాడు. రేడియేటరు జరిపాడు. కాలేజీ మొహం చూడని మనిషి, కర్నూలులోనో కడపలోనో చింతచెట్టు కింది షెడ్డులో, చేసిన పని ఇది. డెలోరియన్ చేసినదానికీ దీనికీ తేడా ఏమిటో ఎవరైనా చెబితే వింటాను. తేడా ఉంటే మనవాడిదే ఎక్కువ. ఆయన పరుగు కోసం చేశాడు, ఇతను బతుకు కోసం చేశాడు.

ఇంకో చిత్రం వినండి. ఆ 1970ల్లోనే మహీంద్రావారు కూడా సరిగ్గా ఇదే పని చేశారు. ట్రాక్టరు తాలూకు ఇంటర్నేషనల్ డీజిలు ఇంజను తీసి జీపులో పెట్టారు. 1979లో ఫ్రెంచి పెజో కంపెనీతో ఒప్పందం చేసుకుని ఆ డీజిలు ఇంజన్లూ తెచ్చారు. అమెరికా ఒళ్ళు, ఫ్రెంచి గుండె, మన డ్రైవరు! భేషైన బండ్లే అవి, కాదనను. కానీ మేస్త్రీ అడిగే ప్రశ్నకు జవాబు చెప్పండి: "కంపెనీవోళ్ళు జేస్తే మాడలు, మేం జేస్తే కేసా అన్నా?"

ఒకప్పుడు కేసు కాదు. బండిలో మార్పు చేయదలిస్తే రవాణా ఆఫీసులో అర్జీ పెట్టుకుని, అనుమతి తీసుకుని, ఆర్.సి. పుస్తకంలో రాయించుకుంటే సరిపోయేది. ఆ కాలపు పుస్తకాలు ఇప్పటికీ కొందరి దగ్గరున్నాయి, పెట్రోలు అన్నచోట కొట్టివేత, పక్కన డీజిలు, కింద ఆకుపచ్చ సిరా సంతకం. 2000లో చట్టం 52వ సెక్షను మార్చారు. కంపెనీ మొదట రాసిచ్చిన వివరాలకు తేడా వచ్చే మార్పు ఏదీ చేయకూడదన్నారు. ఇంధనం కిట్లలాంటి కొన్ని మినహాయింపులు ఉంచారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా, కేరళనుంచి వచ్చిన కేసులో, చట్టం మాట అదేనని ఖాయంచేసింది. కోర్టువారితో నాకు పేచీ లేదు, పుస్తకంలో ఉన్నది చదివి చెప్పారు. నా పేచీ ఆ పుస్తకం రాసినవారితో. మార్పులో మంచిదేదో చెడ్డదేదో చూసి చెప్పడం కష్టమైన పని, అసలు చూడనే అక్కర్లేకుండా చేయడం సులువు. సులువైనదే చేశారు.

పోనీ, పాత బండ్ల మీద సర్కారుకు ప్రేమ లేదా అంటే, ఉంది సుమండీ! 2021 జులైలో "వింటేజి" బండ్లకు ప్రత్యేక నిబంధనలు చేశారు. యాభై ఏళ్ళు దాటిన బండికి 20,000 రూపాయలు కడితే ప్రత్యేకమైన నెంబరు, ప్రత్యేకమైన గౌరవం. షరతులు రెండు చూడండి. బండి పుట్టినప్పటి రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌లో, ఒంట్లో, ఇంజనులో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. రెండోది, ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప దాన్ని రోజువారీ పనికి రోడ్డెక్కించకూడదు. అంటే ఏమన్నమాట? యాభై ఏళ్ళూ ఏ పనీ చేయకుండా కూర్చున్న బండే వారసత్వం, ఇక ముందూ ఏ పనీ చేయనని ప్రమాణం చేయాలి. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముగారి 1912 నాటి రోల్స్‌రాయిస్ ఉంది. నాలుగొందల మైళ్ళు కూడా తిరగలేదని చెబుతారు. బంగారంలాంటి బండి, చూసి దణ్ణం పెట్టుకోవలసిందే. కానీ నాలుగు లక్షల మైళ్ళు తిరిగి, మూడు ఇంజన్లు మింగి, ఒక తాలూకాను మోసిన జీపుకు చరిత్ర లేదంటే ఒప్పుకోను. పనిచేసిన మనిషి చేతులు కాయలు కాస్తాయి. కాయలున్న చేతులకు సత్కారం లేదనే సభలాంటిది ఈ నిబంధన.

ఈలోగా రిజిస్ట్రేషను పొడిగింపు ఫీజు పెరుగుతోంది. పదిహేనేళ్ళు దాటిన సొంత కారుకు, జీపుకు 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయలది 5,000 అయింది. 2025లో, ఇరవై ఏళ్ళు దాటితే 10,000 అన్నారు. ఫీజు కట్టడానికి వెళితే ఇంజను నెంబరు చూస్తారు. నెంబరు కలవకపోతే? అందుకని చాలామంది వెళ్ళనే వెళ్ళరు. జీపు పల్లె దాటదు, దొడ్లో నిలబడుతుంది, ఆఖరికి కిలోల లెక్కన కాటా ఎక్కుతుంది. దాన్ని బతికించగల మేస్త్రీల వయసూ మీరుతోంది. వాళ్ళ కొడుకులు షోరూముల్లో కుదిరారు. పాడైతే పార్టు మార్చడమే గాని బాగుచేయడం లేదక్కడ.

ఎదుటిపక్షం మాట కూడా వింటాను. "ఆ చప్పుడో?" అంటారు. నిజమే. బుల్లెట్టు మోటారు సైకిలుకు గొట్టం కోసేసి, అర్ధరాత్రి ఆసుపత్రి సందులో ఫటఫటలాడించే వాణ్ణి నేనేమీ వెనకేసుకు రాను. పోలీసులు ఆ సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోడ్డురోలరుతో తొక్కిస్తుంటే చూడముచ్చటగానే ఉంటుంది. కానీ చప్పుడుకు కొలత ఉంది, పొగకు కొలత ఉంది. కొలిచి శిక్షించండి. గొట్టం కోసినవాడినీ, బతుకు కోసం ఇంజను మార్చినవాడినీ ఒకే తాటికి కట్టడమేమిటి?

"సినిమాల్లో చూడ్డం లేదూ, జీపుల్లో బాంబులు?" అంటారు ఇంకొందరు. 1999లో సమరసింహారెడ్డి వచ్చింది మొదలు, సీమలో నాలుగు చక్రాలు తిరిగితే చాలు, లోపల వేటకొడవళ్ళున్నాయని మిగతా ఆంధ్రదేశం నమ్మేసింది. సుమో కనిపిస్తే గుండె దడ! పాపం ఆ బండికి ఆ పేరు పెట్టింది టాటా మోటార్స్‌ను నడిపిన సుమంత్ మూల్గావ్‌కర్ అనే పెద్దమనిషి పేరులోని అక్షరాలతో. ఫ్యాక్షను జరగలేదనను, జరిగింది, ఇళ్ళు కూలాయి. బండ్లకేం తెలుసు? పంజాబు, హర్యానా సరిహద్దులో మండీ డబ్వాలీ అనే ఊరుంది. జీపులను కోసి, అతికి, కొత్తగా తీర్చే షెడ్లకు అది దేశమంతా పేరుపడ్డది. ఆ ఊరి జీపులో పెళ్ళికొడుకు ఊరేగితే అందం, మన జమ్మలమడుగు జీపులో ఊరేగితే ముఠాకక్ష!

అన్నిటికన్నా గట్టి మాట భద్రత. అతుకు సరిగ్గా లేని ఛాసిస్ ఘాటులో విరిగితే పది ప్రాణాలు పోతాయి. అక్షరాలా నిజం. అందుకే పరీక్ష పెట్టమంటున్నాను, నిషేధం కాదు. జర్మనీలో బండికి మార్పు చేస్తే పరీక్షా సంస్థకు తీసుకుపోవాలి. వాళ్ళు అతుకులు చూసి, బ్రేకులు చూసి, బాగుంటే కాగితంలో రాస్తారు, బాగులేకపోతే తిప్పిపంపుతారు. ఆటోమొబైలు విషయంలో జర్మనీవాళ్ళు అజాగ్రత్తపరులని ఇంతవరకు ఎవరూ అనలేదు. నిషేధంతో మార్పు ఆగలేదు, దొంగచాటు పనైంది అంతే. వెలుతుర్లో చేయవలసిన వెల్డింగు రాత్రిపూట చేస్తే అతుకు గట్టిపడుతుందా?

మన పక్కన మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టరుగారిని జనం పూర్వంనుంచీ "బ్రేకు ఇన్‌స్పెక్టరు" అనే పిలుస్తారు. చక్కని పేరు. ఆయనకు ఏడాదికి కొన్ని రోజులు కర్నూలులోనూ, కడపలోనూ ఈ మారిన జీపుల కోసం కేటాయించండి. జీపు కింద దూరి అతుకు చూడమనండి, బరువేసి ఘాటు ఎక్కించి దించి బ్రేకులు చూడమనండి, పొగ కొలవమనండి. పనికిరానిదాన్ని అక్కడికక్కడే కాటాకు పంపమనండి, నేనేమీ అనను. పనికొచ్చిన జీపుకు పాత ఇంజను నెంబరు కొట్టేసి, కొత్తది రాసి, వెనకటిలాగే ఆకుపచ్చ సిరాతో సంతకం చేయమనండి. ఫీజంటారా, ఆ పదివేలేవో ఆ రోజే కడతారు.