పలుపు పట్టుకుని డబ్బు అడగొద్దు

ఎముకలు తేలిన ఆవు, పక్కనే లారీ, కింద ఖాతా నంబరు. "సాయంత్రంలోగా డబ్బు పంపకపోతే ఇది కబేళాకు పోతుంది" అని ఒక గొంతు. ఇలాంటి వీడియోలు మన ఫోన్లకూ వస్తున్నాయి. బందరు, గుడివాడ, దివిసీమ రైతులం పాడితో బతికేవాళ్లం. చూడగానే మనసు కరుగుతుంది. అందుకే సంఘంగా మా మాట చెబుతున్నాం: మూగజీవి ప్రాణాన్ని అడ్డుపెట్టి డబ్బు అడగడం తప్పు. చివరికి దాన్ని చంపకపోయినా తప్పే.

2005లో అమెరికాలో టోబీ అనే కుందేలును చూపించి, జూన్ 30లోగా 50 వేల డాలర్లు రాకపోతే కోసుకు తింటామని దాని యజమానులే ప్రకటించారు. చంపేది వాళ్లే, కాపాడమని అడిగేదీ వాళ్లే! అయినా వేల డాలర్లు వచ్చాయని చెప్పుకున్నారు. ఇచ్చిందెవరు? జాలి ఉన్నవాళ్లు. జాలి లేనివాడు పైసా ఇవ్వడు. అంటే ఈ బెదిరింపు జరిమానా వేసేది మంచివాడికే. ఆ డబ్బు రేపు ఇంకో జీవిని గుంజకు కట్టడానికి పెట్టుబడి అవుతుంది.

ఈ బాధ రైతుకు కొత్త కాదు. అప్పు కట్టకపోతే గొడ్లను విప్పుకుపోతామన్న మాట మన తాతలు విన్నదే. రైతు బతుకుతెరువుకు అవసరమని కోర్టు భావించిన పశువులను, విత్తనాలను, సేద్యపు పనిముట్లను డిక్రీ బాకీకి జప్తు చేయకూడదని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతోంది. చేలో పడిన గొడ్డును బందెలదొడ్డికి తోలినా, దానికి మేత, నీళ్లు పెట్టాల్సిన బాధ్యత దొడ్డి నడిపేవాడిదేనని 1871 నాటి చట్టం చెప్పింది. తగాదా మనుషులది. ఆకలి గొడ్డుది కాకూడదు.

"మంచి పనికే కదా, కాస్త భయపెడితే ఏం?" అనేవారున్నారు. 1977 నవంబరు 19 ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు, పశువుల కళేబరాలు గుట్టలు పడ్డాయి. అప్పుడు దివిసీమకు నలుమూలల నుంచీ సాయం వచ్చింది. ఉన్న కష్టం ఉన్నట్టు చెబితే చాలింది. కష్టం చెప్పుకోవడం వేరు, కత్తి చూపించడం వేరు.

ఇంకో మాట. గడ్డి కొనలేక ఎద్దును అమ్ముకునే రైతు ఎవరినీ బెదిరించడం లేదు. అతన్ని కసాయిగా చూపించి చందాలు దండుకోవడం రెండో అన్యాయం. ఆ రైతుకు కావలసింది వరిగడ్డి, దాణా, పాలకు గిట్టుబాటు ధర.

కాబట్టి డబ్బు పంపేముందు మూడు ప్రశ్నలు అడగండి. పశువు ఎవరిది, ఎక్కడుంది? లెక్క ఎవరు చూపిస్తారు? డబ్బు రాకపోతే దాన్ని ఏం చేస్తారు? మూడో ప్రశ్నకు "అయినా మేపుతాం" అన్నవాడికే ఇవ్వండి. పశువు ఎవరి చేతిలో ఉంటే దాని బాగోగులు వారే చూడాలని 1960 జంతుహింస నిరోధక చట్టం కూడా చెబుతోంది.

రేపు వరదొచ్చి మన సంఘమే గడ్డికి చందా అడగాల్సి వస్తే, మనకూ ఇదే నియమం. ఎన్ని పశువులున్నాయో, ఎన్ని మోపుల గడ్డి కావాలో చెప్పి అడుగుదాం. చందా అందినా అందకపోయినా, పలుపు పట్టుకున్న చెయ్యే మేత వేయాలి.