మబ్బును చూసి ముంత ఒలకబోసుకున్నవారు

హేజీ డబుల్ ఐపీఏ అనే బీరును గురించి ఇటీవల నా చెవిన పడిన ప్రశంసలన్నిటినీ వడగడితే చివరకు మిగిలేవి రెండే. ఒకటి, "ఎంత చిక్కగా, ఎంత మబ్బుగా ఉందో చూశారా!" అన్నది. రెండవది, "చేదన్నదే లేదు, అచ్చం పళ్లరసమే!" అన్నది. ఇవి ముచ్చటపడి అన్న మాటలైతే నాకు అభ్యంతరం లేదు. కాని వీటినే ఆధారం చేసుకొని అయిదుకు నాలుగున్నర, అయిదుకు అయిదు అంటూ మార్కులు వేస్తున్నారు. మొదటిది కంటికి సంబంధించిన మాట. రెండవది గ్లాసులో లేనిదాన్ని గురించిన మాట. ఉన్నదాన్ని గురించి నాలుక ఏమి చెప్పిందో ఈ రెండింటిలోనూ లేదు.

మద్యపానం మంచిదా చెడ్డదా అన్న చర్చ నేనిక్కడ తలపెట్టలేదు. తాగమని ఎవరినీ ప్రోత్సహించడమూ లేదు. తాగి, తీర్పు చెప్పి, ఆ తీర్పును పదిమందికీ చాటేవారితోనే నా తగవు. కవిత్వానికైనా, సంగీతానికైనా, బీరుకైనా తీర్పు చెప్పేవాడికి కొంత బాధ్యత ఉండక తప్పదు.

తెలియని చదువరుల కోసం కొంత పూర్వకథ. ఇండియా పేల్ ఏల్ అన్నది 19వ శతాబ్దంలో ఇంగ్లండు నుంచి మన దేశంలోని ఆంగ్లేయుల కోసం ఓడలమీద వచ్చిన బీరు వంశానికి చెందినది. దూరప్రయాణానికి తట్టుకోవాలని అందులో హాప్ పూలు దండిగా వేసేవారు. ఆ పూలే చేదుకు మూలం. పేరులో మిగిలిపోయిన 'ఇండియా' ఒక విధంగా ఆ చేదుకు గుర్తు. హాప్స్‌నూ ఆల్కహాలునూ మరింత పెంచి చేసినది డబుల్ ఐపీఏ. 1994లో కాలిఫోర్నియాలోని టెమెక్యులాలో, బ్లైండ్ పిగ్ అనే బ్రూవరీలో విన్నీ సిలుర్జో చేసిన బీరును దీనికి తొలి ఉదాహరణలలో ఒకటిగా చెబుతారు. తరువాత, దేశానికి ఆ కొసన, వెర్మాంట్ రాష్ట్రంలోని వాటర్‌బరీలో జాన్ కిమ్మిక్ 2003లో ఆల్కెమిస్ట్ అనే పబ్బు తెరిచి, హెడీ టాపర్ అనే బీరు చేశాడు. 8 శాతం ఆల్కహాలు, వడగట్టని మసకదనం, ముక్కును నింపే పండ్ల వాసన. నేటి హేజీ డబుల్ ఐపీఏలన్నిటికీ అదే మూలపురుషుడు. 2011 ఆగస్టులో ఐరీన్ తుఫాను తెచ్చిన వరద ఆ పబ్బును ముంచేసింది. ఆ రోజులలోనే హెడీ టాపర్ క్యానులలోకి ఎక్కింది. ఆ క్యాను మీద ఏమని అచ్చువేశారో తెలుసా? "క్యానులోంచే తాగండి" అని!

వాసన చెదిరిపోకూడదన్నది ఆయన ఉద్దేశం. దానితో ఏకీభవించనవసరం లేదు. నేనైతే గ్లాసులోనే పోసుకుంటాను. కాని ఒక్క సంగతి గమనించండి. ఏ బీరును చూసి మబ్బును ఆరాధించడం మొదలైందో, ఆ బీరును చేసినవాడే దాన్ని కంటితో చూడనవసరం లేదన్నాడు. మబ్బు ఆయనకు లక్ష్యం కాదు, పనిలో మిగిలిన జాడ. ఓట్లు, గోధుమల వంటి ధాన్యాలలోని ప్రోటీన్లు, హాప్స్‌లోని పాలిఫినాల్స్ జతకట్టి ద్రవంలో తేలుతుంటే మసక ఏర్పడుతుంది. హాప్స్‌ను మరిగించకుండా, పులిసే దశలోనో పులిసిన తరువాతనో పచ్చిగా వేసే పద్ధతిని డ్రై హాపింగ్ అంటారు. అది ఎంత ఎక్కువైతే మసక అంత ఎక్కువయ్యే అవకాశం ఉంది. అంతే గాని, మసక ఎక్కువైనంత మాత్రాన వాసన ఎక్కువ కాదు. తేలుతున్న ఈస్టు వల్లా, పిండి వల్లా కూడా బీరు మసకబారుతుంది.

ఈ తేడా పెద్దలకు తెలియక కాదు. అమెరికాలో బీరు న్యాయనిర్ణేతలకు శిక్షణనిచ్చే బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రాం వారి పత్రంలో మొత్తం 50 మార్కులు. వాసనకు 12, రుచికి 20, నోటికి తగిలే తీరుకు 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10. రూపానికి? కేవలం 3. మసక డ్రై హాపింగ్ వల్ల రావాలి గాని ఈస్టు వల్లనో పిండి వల్లనో రాకూడదని కూడా వారు స్పష్టంగా చెప్పారు. 2018లో బ్రూవర్స్ అసోసియేషన్ ఈ మబ్బు బీర్లను ప్రత్యేక శాఖలుగా గుర్తించగానే, ఆ ఏడాది గ్రేట్ అమెరికన్ బీర్ ఫెస్టివల్‌లో అన్నిటికన్నా ఎక్కువ బీర్లు పోటీకి వచ్చినది హేజీ ఐపీఏ విభాగంలోనే. అంతమంది చేసేవారు ఉన్నప్పుడు మంచిచెడ్డలు వేరుచేసే నాలుకలు మరింత అవసరమయ్యాయి. మనకు దొరికినవి మాత్రం కెమెరాలు.

గత శీతాకాలంలో మాసచూసెట్స్‌లో ఒక మిత్రుని ఇంట అయిదుగురం తెలుగువాళ్లం కూర్చుని ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాం. మూడు డబుల్ ఐపీఏలు: రెండు మబ్బువి, ఒకటి అద్దంలా తేటది. వాటిని గాజు గ్లాసులలో కాక, మన ఇళ్లలో కాఫీకి వాడే స్టీలు గ్లాసులలో పోశాం. పైన నురగ, చుట్టూ స్టీలు. మబ్బు కనిపించే దారి లేదు. "మామిడిపండు రసంలా ఉంది, ఇదే అసలైన హేజీ" అని ముగ్గురు మెచ్చుకున్నది ఆ తేట బీరునే. ఇందులో వింతేమీ లేదు. పండ్ల వాసన సిట్రా, మొజాయిక్, గెలాక్సీ వంటి హాప్స్ నూనెలలో ఉంటుంది. కన్ను ముందుగా తీర్పు రాసేస్తే నాలుక సంతకం మాత్రమే పెడుతుంది.

ఇక చేదు సంగతి. తక్కువ చేదు ఈ శాఖకు సహజమే. అది తప్పు కాదు. కాని ఓట్ల వల్ల నోరంతా పరుచుకునే చిక్కదనం, మిగిలిపోయిన తీపి, 8 శాతం ఆల్కహాలు కలిసిన పానీయంలో వీటన్నిటినీ ఎదిరించి నిలిచే చేదు కొంతైనా లేకపోతే రెండవ గుక్కకే మొహం మొత్తుతుంది. హెడీ టాపర్‌లో ఆ చేదు ఉంది. దాన్ని అనుకరించినవారిలో పలువురు మబ్బును తీసుకొని చేదును వదిలేశారు. మబ్బుల్లో నీళ్లు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకోవడమంటే ఇదే. మన ఆలంకారికులు ద్రాక్షాపాకం, నారికేళపాకం అని వేరుచేశారు గాని, ద్రాక్షలా సులభంగా అందినంత మాత్రాన అది కవిత్వమైపోతుందని ఎక్కడా అనలేదు. సులభంగా అందేదానిలోనూ పాకం కుదరాలి. 'జ్యూసీ' అన్న మాటను రసవంతం అని అనువదించుకొని మురిసిపోయేవారు, రసానికీ పళ్లరసానికీ తేడా ఉందని మరచిపోకూడదు.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది మన మాటల సంగతి. ఇంగ్లీషులో రాసే సామాన్యులు నాలుకను పట్టే ప్రతిదాన్నీ 'బిటర్' అనేస్తుంటారు. మనకు ఆ అవస్థ లేదు. చేదు వేరు, ఒగరు వేరు, మంట వేరు. కాకరకాయ చేదు. పచ్చి అరటికాయ ఒగరు. మిరియం మంట. ఈ తేడా పల్లెటూరి పసిపిల్లకు కూడా తెలుసు. హేజీ డబుల్ ఐపీఏకు విలువ కట్టడానికి సరిగ్గా ఈ తేడాయే కావాలి. మరిగించిన హాప్స్ నుంచి వచ్చేది చేదు; అది గుణం. పచ్చి హాప్స్ అతిగా వేసి, వాటి తునకలు తేరుకోకముందే క్యానులో పోస్తే వచ్చేది ఒగరు, గొంతులో మంట, అది దోషం. "నిన్ననే క్యానులో పోశారు" అని గొప్పగా తెచ్చిన బీరు తరచుగా ఈ దోషంతోనే ఉంటుంది. కొన్నాళ్లు చల్లగా ఉంచితే అది తగ్గుతుంది. మరీ ఎక్కువకాలం ఉంచితే లోపల చిక్కుకున్న ప్రాణవాయువు పని మొదలుపెట్టి, పసుపురంగు బురదరంగుకు దిగజారి, పండ్ల వాసన చచ్చిపోతుంది. ఇన్ని మాటలు ఉన్న భాషవాళ్లం, 'స్మూత్', 'జ్యూసీ' అన్న రెండు అరువు ముక్కలతో సరిపెట్టుకుంటున్నాం.

మరొక దోషం వెన్న వాసన. హాప్స్‌లోని ఎంజైములు మిగిలిన పిండిపదార్థాన్ని విరగ్గొడితే ఈస్టు మళ్లీ పని మొదలుపెడుతుంది. ఆ క్రమంలో వెన్న వాసన వేసే డయాసిటైల్ పుట్టవచ్చు. హాప్స్‌కు ఇటువంటి శక్తి ఉందని ఇంగ్లండులో బ్రౌన్, మోరిస్ అనేవారు 1893లోనే గమనించారు. చల్లటి మొదటి గుక్కలో ఈ వాసన దాక్కుంటుంది. బీరు కాస్త వెచ్చబడితే బయటపడుతుంది. ఆల్కహాలు ఘాటూ అంతే. అందువల్లనే రెండు గుక్కల నమూనా తాగి వేసే మార్కులు నాకు నమ్మబుద్ధి కాదు. ఒక గ్లాసు పోసుకొని, అరగంటసేపు దానితో కూర్చుని, చివరి గుక్క దగ్గర కూడా మొదటి గుక్క నాటి ఇష్టం ఉందా లేదా చూడాలి. 473 మిల్లీలీటర్ల క్యాను 8 శాతంతో ఉంటే అందులో శుద్ధమైన ఆల్కహాలు దాదాపు 38 మిల్లీలీటర్లు. అంటే అమెరికా లెక్కన రెండు పానీయాలకు పైమాటే. కనుక ఒకే సాయంత్రం పది బీర్లకు తీర్పు చెప్పేవారి చివరి అయిదు తీర్పులను ఎవరు చెప్పారో ఊహించుకోవచ్చు.

"పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి, మీకెందుకు?" అని కొందరు అడుగుతారు. నిజమే, ఇష్టం ఎవరిది వారిదే. చేదులేని మబ్బు బీరును ఇష్టపడేవారితో నాకు పేచీ లేదు. కాని ఇష్టం వేరు, విలువ కట్టడం వేరు. నాకు నచ్చని కావ్యం గొప్పది కావచ్చు. నాకు నచ్చిన పాట సామాన్యమైనది కావచ్చు. ఈ రెండింటినీ కలిపేసి అంకె వేసినప్పుడు నష్టపోయేది మంచి బీరు చేసేవాడే. చేదునూ తీపినీ తూచి, మసక తక్కువైనా సమతూకం కుదిర్చినవాడికి తక్కువ మార్కులు. పిండినీళ్లలాంటిది పోసినవాడికి ఎక్కువ మార్కులు. అలా కొన్నేళ్లు సాగితే తూచి చేసేవాడు తూచడం మానేస్తాడు. అప్పుడు మనం ఇష్టపడడానికైనా మంచిది మిగలదు.

కనుక మార్కులు వేసే మిత్రులకు నా మనవి ఇంతే. క్యాను మీద తేదీ చూడండి. కన్నుకు యాభైలో మూడు ఇచ్చి ఊరుకోండి. చేదెంత, ఒగరెంత, మంటెంత అన్నది విడివిడిగా, తెలుగులోనే రాయండి. గ్లాసు ఖాళీ అయ్యాకే అంకె వేయండి.