రొద పోవాలి, ఎర్తు పోకూడదు

స్పీకర్లలో రొద వస్తోందంటే ప్లగ్గు మూడో పిన్ను పీకేయమనే సలహా ఎవరినడిగినా దొరుకుతుంది. మా ఇంటికి చూడడానికి వచ్చిన కుర్రాడూ అదే అన్నాడు. "పీకేస్తే పోతుందండి మేడమ్." నిజమే, పోతుంది. పోతుంది కాబట్టే నాకు భయం.

మావారి ఆఫీసు లాప్‌టాప్, మా అబ్బాయి పెద్ద కంప్యూటర్, రెండింటికీ ఒక్కటే స్పీకర్ల జత. విడివిడిగా పెడితే ఏ గొడవా లేదు. రెండూ కలిపి పెడితే పాట లేకపోయినా గుయ్‌మంటూనే ఉంటుంది. శబ్దాలకి మన భాషలో ఉన్నన్ని మాటలు ఇక్కడ భలే పనికొస్తాయి. ఆగకుండా గుయ్‌మంటే ఎర్తు గొడవ. మౌస్ కదిపినప్పుడల్లా సన్నగా కీచుమంటే కంప్యూటర్ లోపలి రొద. కదిపితే బరబరమంటే వదులైన జాక్.

గుయ్‌మనడానికి కారణం ఇది. ఒక కంప్యూటర్ ఈ గోడ ప్లగ్గులో, ఇంకొకటి ఆ గోడ ప్లగ్గులో ఉంటాయి. రెంటికీ ఎర్తు ఉంది కానీ రెండు చోట్లా ఎర్తు అచ్చంగా ఒక్కలా ఉండదు, పిసరంత తేడా. స్పీకర్ తీగ ఆ రెంటినీ కలిపేసరికి ఓ చుట్టు ఏర్పడి, అందులో కాస్త కరెంటు తిరుగుతుంది. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది కదా, ఆ ఊగుడే స్పీకర్లో వినిపిస్తుంది. లాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడండి. రొద ఆగిపోతే సంగతి ఇదే.

పిన్ను పీకితే చుట్టు తెగుతుంది, రొద ఆగుతుంది. కానీ ఆ కంప్యూటర్ డబ్బాలో ఎప్పుడైనా కరెంటు లీకైతే ఎటు పోవాలి? ఆ సన్నటి స్పీకర్ తీగ గుండా పోవాలి. అదీ ఊడి ఉంటే, డబ్బా మీద చెయ్యి వేసినవాళ్ల గుండా పోవాలి. మూడో పిన్ను మిగతా రెండింటికన్నా పొడుగ్గా, లావుగా ఎందుకుంటుందనుకున్నారు? పెట్టేటప్పుడు ముందు అదే తగలాలి, తీసేటప్పుడు ఆఖరున అదే ఊడాలి. అంత ఆలోచించి పెట్టినదాన్ని కటింగ్ ప్లయరుతో తెంపేస్తామా!

పైగా ఇంట్లో తీగలు ఒకచోట ఉండవు. మా కంప్యూటర్ తీగ రైస్ కుక్కర్‌కీ పడుతుంది. ఇవాళ పాటల కోసం పిన్ను పీకిన తీగ రేపు వంటింట్లో తడి చేతుల దగ్గరకి వస్తుంది. పీకినవాళ్లకి అప్పటికి గుర్తుండదు. వంటింట్లో ఉండేది మనం కాబట్టి ఈ విషయంలో మాట మనదే చెల్లాలంటాను.

సరే, మరి రొద మాటేమిటి? ముందు రెండు కంప్యూటర్లనీ, స్పీకర్లనీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టండి. ఖర్చు లేని పని. మాకు దాంతోనే ముప్పావు వంతు తగ్గింది. ఇస్త్రీపెట్టె మాత్రం అందులో పెట్టకండి. మిగిలిన రొదకి గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని అగ్గిపెట్టెంత వస్తువు దొరుకుతుంది, కొన్ని వందలు. స్పీకర్ తీగ మధ్యలో పెడితే చాలు. లోపలున్న బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు పాటని అయస్కాంతం ద్వారా అవతలికి పంపుతాయి, తీగకి తీగ తగలదు. ఎర్తు ఎక్కడిది అక్కడే ఉంటుంది.

ఇంకొకటి. రెండు కంప్యూటర్లని ఒక స్పీకర్‌కి కలపడానికి వై ఆకారపు తీగ కొనకండి. ఒక పాటని ఇద్దరు వినడానికి చేసిందది. తిరగేసి వాడితే ఒక కంప్యూటర్ శబ్దం రెండోదానిలోకి తోసుకుపోతుంది, రెండూ నీరసంగా వినిపిస్తాయి. చిన్న స్విచ్చు డబ్బా తీసుకోండి, రెండూ ఒకేసారి వినాలంటే చిన్న మిక్సర్.

ఇంత చెప్పినా, పిన్ను ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. సముద్రపు గాలికి కిటికీ గ్రిల్లులూ, ఫ్రిజ్ అడుగూ ఎలా తినేస్తాయో విశాఖ వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. ఎర్తు గొయ్యి దగ్గర బోల్టులకీ అదే గతి. తుప్పు పట్టి తీగ ఊడినా ఇంట్లో లైట్లు వెలుగుతూనే ఉంటాయి, ఎవరికీ తెలియదు. ఏడాదికోసారైనా ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోవాలి. మా అపార్ట్‌మెంట్‌లో ఆ గొయ్యి మూత మీద ఎప్పుడూ ఎవరిదో బైకు స్టాండు వేసి ఉంటుంది. వచ్చే మీటింగులో ఆ బైకు సంగతే ముందు ఎత్తుతాను.