గేటు తెరిచి ఉన్నా ఆగాల్సిందే

హోసూరు చుట్టుపక్కల పొద్దుటి పూట ప్రతి నిమిషమూ లెక్కే. కెలవరపల్లి వైపు తోటల్లో కోసిన పూలు, కూరగాయలు పొద్దెక్కకముందే మార్కెట్టు చేరాలి. అదే వేళకు బడి వ్యాన్లు బయల్దేరతాయి. సిప్కాట్ షిఫ్టుకు కార్మికులు బైకులపై పరుగెడతారు. బెంగళూరు-సేలం రైలు దారిలో గేటు పడిందంటే అందరికీ విసుగే. గేటు కింద వంగి దూరినవాడు తెలివైనవాడు, ఆగినవాడు చేతగానివాడు అన్నట్టు తయారైంది వరస. ఇది మారాలి.

మూసిన గేటు సంగతి అలా ఉంచితే, తెరిచిన గేటునూ గుడ్డిగా నమ్మడానికి లేదు. 2025 జూలై 8న కడలూరు జిల్లా సెమ్మంకుప్పంలో జరిగింది చూడండి. కాపలా ఉన్న గేటే. అయినా రైలు వచ్చే వేళకు అది మూసి లేదు. పట్టాలు దాటుతున్న బడి వ్యాన్‌ను ప్యాసింజర్ రైలు ఢీకొట్టింది. ముగ్గురు విద్యార్థులు బలయ్యారు. ఆ గేటుకు ఇంటర్‌లాకింగ్ లేదు. అంటే, గేటు మూసి తాళం పడితే తప్ప రైలుకు సిగ్నల్ ఇవ్వడం కుదరని ఏర్పాటు అక్కడ లేదన్నమాట. తప్పు ఎవరిదైనా, పోయింది పసిప్రాణాలు.

అంతకుముందు 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని క్రాసింగ్ వద్ద బడి బస్సును రైలు ఢీకొని పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని క్రాసింగులు తొలగించారు. మంచిదే. కానీ కాపలా వచ్చిందని జాగ్రత్త మానేస్తే ఎలా?

లారీల వాళ్లకు పెనుకొండ పాఠం ఉంది. 2015 ఆగస్టులో గ్రానైట్ లారీ ఒకటి గేటును గుద్దుకుని వెళ్లి నాందేడ్ ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొట్టింది. కర్ణాటక ఎమ్మెల్యే ఒకరు సహా రైల్లోని పలువురు మరణించారు. గ్రానైట్ లారీలు రాత్రింబవళ్లు తిరిగే కృష్ణగిరి జిల్లాలో బ్రేకులు చూసుకోకుండా బండి తీయడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు అర నిమిషంలో 800 మీటర్లు దాటేస్తుంది. డ్రైవరు బ్రేకు వేసినా వందల మీటర్లు పోయాకే ఆగుతుంది. దూరాన కనిపించే రైలు నెమ్మదిగా వస్తున్నట్టే ఉంటుంది. అక్కడే మోసపోతారు.

కాపలా లేని చోట బండి ఆపి, క్లీనరో మరొకరో దిగి పట్టాల దాకా నడిచి చూశాకే దాటాలని మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ చెబుతోంది. ఎవరూ లేకుంటే డ్రైవరే దిగాలి. బడి వ్యాన్లు ఏ గేటు దగ్గరైనా ఇదే పద్ధతి పాటిస్తే పోయేదేమీ లేదు. పాటలు ఆపాలి, అద్దం దించాలి, రెండు వైపులా చూడాలి. పట్టాలపై గేరు మార్చకూడదు. జంట పట్టాలున్న చోట ఒక రైలు పోగానే కదలకూడదు. బండి పట్టాలపై ఆగిపోతే ముందు మనుషుల్ని దించి, వెంటనే గేటుమన్‌కు చెప్పాలి. మూసిన గేటును బలవంతంగా తెరిస్తే రైల్వే చట్టం కింద మూడేళ్ల దాకా జైలు.

రైల్వే అన్ని గేట్లకూ ఇంటర్‌లాకింగ్ పెట్టాలి. బడి యాజమాన్యాలు ప్రతి వ్యాన్‌లో సహాయకుణ్ణి ఉంచాలి. తల్లిదండ్రులు ఆ మాట గట్టిగా అడగాలి. మార్కెట్టుకు ఆలస్యమైతే పూలకు ధర తగ్గుతుంది. ఆ నష్టం మరునాడు పూడుతుంది. పట్టాల మీద పోయిన ప్రాణం తిరిగి రాదు.