చదువు రొట్టెను తిరిగి పంచుదాం

నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున, బారా షహీద్ దర్గా వద్ద ముహర్రం మాసంలో జరిగే రొట్టెల పండుగ గురించి మన పాఠకులకు కొత్తగా చెప్పవలసిన పని లేదు. అక్కడ ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె, పెళ్లి రొట్టెలతో పాటు చదువు రొట్టె కూడా చేతులు మారుతుంది. కోరిక నెరవేరినవారు మరుసటి ఏడాది అదే రొట్టెను తెచ్చి మరొకరికి ఇవ్వడం ఆనవాయితీ. దర్గా ఆచారాలపై మనలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఆ చర్చ ఇక్కడ మా ఉద్దేశం కాదు. పొందినవారు తిరిగి వచ్చి మరొకరికి ఇవ్వాలన్న ఆ నియమాన్ని మన పిల్లల చదువు విషయంలో ఎందుకు పాటించలేకపోతున్నామన్నదే మా ప్రశ్న.

ముస్లింల విద్య గురించి మాట్లాడినప్పుడల్లా బడి మానేసిన పిల్లల ప్రస్తావనే ముందుకు వస్తుంది. అది న్యాయమే. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని 2006లో సచార్ కమిటీ నివేదిక తేల్చింది. అయితే అదే నివేదికలో మరొక లెక్క ఉంది. ఐఐటీలలో చదువుతున్న 27,161 మందిలో ముస్లింలు 894 మంది మాత్రమే, అంటే 3.3 శాతం. దేశ జనాభాలో అప్పటికి మన వాటా 13.4 శాతం. ఈ రెండో లెక్కకు కారణాన్ని బడి మానేసిన పిల్లల్లో మాత్రమే వెతికితే చాలదు. బాగా చదివే పిల్లలను కూడా మనం దారి మధ్యలో పోగొట్టుకుంటున్నాము.

మైపాడు, ఇందుకూరుపేట, ముత్తుకూరు, అల్లూరు వంటి తీర ప్రాంతపు ఊళ్లలో పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుని ఇంటర్‌లో ఎంపీసీ తీసుకునే పిల్లలు ఉన్నారు. వారికి అసలు పరీక్ష అక్కడి నుంచే మొదలవుతుంది. రాష్ట్ర ఈఏపీసెట్ ఇంజనీరింగ్ పరీక్షలో 160 ప్రశ్నలకు 180 నిమిషాల సమయం ఇస్తారు. గణితానికి 80 ప్రశ్నలు, భౌతికశాస్త్రానికి 40. ఒక్కో ప్రశ్నకు దక్కేది 70 సెకన్ల లోపే. జేఈఈ అడ్వాన్స్‌డ్ తీరు వేరు. అక్కడ వేగంతో పాటు, ఒకే లెక్కలో రెండు మూడు సూత్రాలను కలిపి ఆలోచించే అలవాటు కావాలి. ఏటవాలు తలంపై జారుతున్న దిమ్మె మీద ఏయే బలాలు ఏ దిశలో పనిచేస్తున్నాయో బొమ్మ గీసి చూడటం రాని విద్యార్థికి సూత్రాలన్నీ కంఠస్థమైనా ప్రయోజనం ఉండదు. ఆ తప్పు ఎక్కడ జరిగిందో నోటుపుస్తకం చూసి చెప్పగలిగినవారు పక్కన ఉండాలి. కిక్కిరిసిన తరగతి గదిలో అది సాధ్యం కాదు. ట్యూషన్ విలువ అక్కడే ఉంది.

భాష మరొక అవరోధం. త్వరణాన్ని ఉర్దూ మాధ్యమంలో ‘ఇస్రా’ అని నేర్చుకున్న బిడ్డ, ఇంటర్‌లో ఆ పాఠాన్నే ఇంగ్లీషులో వినవలసి వస్తుంది. విషయం తెలిసి కూడా మాట తెలియక వెనుకబడుతుంది. 2021 నుంచి జేఈఈ మెయిన్ ప్రశ్నపత్రం తెలుగు, ఉర్దూలతో సహా 13 భాషల్లో లభిస్తోంది. అడ్వాన్స్‌డ్ మాత్రం నేటికీ ఇంగ్లీషు, హిందీలకే పరిమితం. ఈ తేడాను ప్రశ్నించడం మన హక్కు.

ట్యూషన్ అన్నది నెల్లూరుకు కొత్త మాట కాదు. నేడు దేశమంతటా శాఖలున్న నారాయణ విద్యాసంస్థలు 1979లో ఈ పట్టణంలోనే ఒక చిన్న గణిత శిక్షణ కేంద్రంగా మొదలయ్యాయి. నాడు ఒక నల్లబల్లతో నడిచిన ట్యూషన్ నేడు హాస్టల్‌తో కూడిన పెద్ద పరిశ్రమ అయింది. మోటారు మెకానిక్, వెల్డరు, చేపల వ్యాపారి తమ ఏడాది సంపాదనను ఆ ఫీజు పక్కన పెట్టి చూసుకుని వెనుదిరుగుతున్నారు. అప్పు చేసి చేర్పించేవారూ ఉన్నారు. అటువంటివారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కోచింగ్ కేంద్రాలపై కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు వెలువరించింది. ర్యాంకు గ్యారంటీ అంటూ వాగ్దానం చేయకూడదని, విద్యార్థి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు తిరిగి ఇవ్వాలని అవి చెబుతున్నాయి. రసీదు లేకుండా ఒక్క రూపాయి కూడా కట్టకండి.

ఆడపిల్లల సంగతి మరింత బాధాకరం. తెల్లవారుజామున, సాయంత్రం చీకటి పడ్డాక జరిగే తరగతులకు తీర గ్రామాల నుంచి బస్సులో ఎలా పంపాలన్న తల్లిదండ్రుల భయాన్ని మేము తేలికగా తీసుకోము. కానీ ఆ భయానికి మందు చదువు మాన్పించడం కాదు. చదువును ఇంటి దగ్గరకు తేవడం. అన్నకు ట్యూషన్, చెల్లెలికి పెళ్లి చూపులు అనే పద్ధతిని మనమే మార్చుకోవాలి.

డాక్టర్ అబ్దుల్ కలాం పేరును మనం సభల్లో తరచు తలుస్తాము. ఆయన ప్రాజెక్టు డైరెక్టరుగా ఉన్న ఎస్ఎల్‌వీ–3 రాకెట్టు 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది, నాడు నెల్లూరు జిల్లాలో భాగమైన శ్రీహరికోట నుంచే. అంతటి శాస్త్రవేత్త చిన్ననాడు రామేశ్వరంలో తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, ఉచితంగా లెక్కలు చెప్పే ఒక హిందూ ఉపాధ్యాయుని ఇంటికి వెళ్లేవాడు. తరువాత ఇంజనీరింగ్ ప్రవేశ రుసుము కోసం ఆయన అక్క జొహ్రా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టింది. ఒక గురువు సమయం, ఒక అక్క త్యాగం లేకుంటే ఆ రాకెట్టు కథ మరోలా ఉండేది.

ఈ పనిని వ్యవస్థగా చేసి చూపినవారూ ఉన్నారు. పాట్నాలో మౌలానా వలీ రహ్మానీ స్థాపించిన ‘రహ్మానీ–30’ పేద ముస్లిం విద్యార్థులను ఎంపిక చేసి, ఉచితంగా వసతి, శిక్షణ ఇచ్చి ఐఐటీలకు పంపింది. దానికి విద్యాపరమైన మార్గదర్శి అభయానంద్ అనే ఐపీఎస్ అధికారి. మతం అడ్డురాలేదు. కావలసింది సంకల్పం, క్రమశిక్షణ, సమర్థులైన ఉపాధ్యాయులు.

అంత పెద్ద సంస్థ కోసం ఎదురుచూడనవసరం లేదు. ఫంక్షన్ హాళ్లు, మదరసా గదులు సాయంత్రాల్లో ఖాళీగా ఉన్నచోట పదిహేను మంది పిల్లలకు ఒక నల్లబల్ల, ఒక గణిత ఉపాధ్యాయుడు, ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు చాలు. విశ్రాంత లెక్చరర్లను, వారు ఏ మతస్థులైనా, గౌరవంగా ఆహ్వానించి తగిన పారితోషికం ఇవ్వండి. ఆడపిల్లలకు అనువైన వేళలు, ఆటో ఖర్చు ముందే నిర్ణయించండి. జకాత్‌కు అర్హులైన విద్యార్థుల ఫీజు విషయంలో ఉలమాను సంప్రదించండి. విందులో ఒక్క వంటకం తగ్గించుకున్నా కొన్ని పుస్తకాల సెట్లు వస్తాయి.

ఇది ప్రభుత్వ బాధ్యతకు ప్రత్యామ్నాయం కాదు. 2007 చట్టం ద్వారా వచ్చిన బీసీ–ఈ 4 శాతం రిజర్వేషన్ సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగుతోంది. ఆ సీటు అందుకోవడానికీ ర్యాంకు కావాలి. మైనారిటీ విద్యార్థుల ఉచిత కోచింగ్ కోసం ఉద్దేశించిన కేంద్ర పథకం ‘నయా సవేరా’ను నిలిపివేశారు. దానిని పునరుద్ధరించాలని, రాష్ట్ర మైనారిటీ సంక్షేమ శాఖ మండల కేంద్రాల్లోనే ఎంపీసీ విద్యార్థులకు సాయంత్రం తరగతులు నడపాలని మేము డిమాండ్ చేస్తున్నాము.

చివరిగా, ఇప్పటికే ఇంజనీర్లై హైదరాబాదులో, బెంగళూరులో, గల్ఫ్ దేశాల్లో స్థిరపడిన మన యువకులకు, యువతులకు ఒక మాట. మీకు ఒకనాడు ఎవరో లెక్క చెప్పారు. వారానికి రెండు గంటలు మీ ఊరి బిడ్డకు ఫోనులోనైనా అదే లెక్క చెప్పండి. మీరు అందుకున్న చదువు రొట్టె మీ వద్ద ఉన్న అమానత్. దానిని తిరిగి తెచ్చి ఇవ్వవలసిన ఏడాది ఇదే.