గల్లీ ముచ్చట్లు: దర్జీ మింగిన కవచం

కిందటి నెల మా ఇంట్లో ఒక యుద్ధం జరిగింది. రాజ్యం కోసం కాదు, ఒక కవచం కోసం. కామాఠిపురలోని మా ఒంటి గదిలో యుద్ధానికి చోటెక్కడిదని అడుగుతారేమో, అంతా సెల్‌ఫోనులోనే లెండి.

మా పిల్లలిద్దరూ ఒక ఆట ఆడుతుంటారు. అందులో కోటలు, రాక్షసులు, నిప్పులు కక్కే డ్రాగన్లు. వారం రోజులు నాణేలు కూడబెట్టి ఇద్దరూ ఒకే కవచం కొన్నారు. అబ్బాయి సిపాయికి తొడిగితే అది మెడ నుంచి మోకాళ్ళ దాకా కప్పింది. అమ్మాయి ఎంచుకొన్న వీరనారికి తొడిగితే అదే కవచం రెండు రేకులై కూర్చుంది. పొట్టా తొడలూ గాలికి వదిలేసింది.

"గిదేంది బాపూ? నేను గూడ అన్నే నాణేలు ఇచ్చిన గదా!" అన్నది పిల్ల.

"మిగిలిన ఇనుము దర్జీ మింగిండేమో" అన్నది మా శ్రీమతి, కుట్టుమిషను ఆపకుండానే.

అబ్బాయి నవ్వాడు. "డ్రాగన్ ఎగిరితే ఏమనరు గానీ గిదానికి లొల్లి జేస్తరా? ఆటనే గదా!"

ఈ తగవు మా ఇంటితో పుట్టింది కాదు. ఇటువంటి ఆటలు ఆడేవారి మధ్య ఏళ్ళ తరబడి సాగుతున్నదే. కవచం చరిత్రలో ఉన్నట్టుండాలని కొందరు, కల్పనకు చరిత్ర ఎందుకు, ఆడది ఆడదానిలా కనబడవద్దా అని కొందరు.

చరిత్రకు వస్తే, ఫ్రాన్సులో జోన్ ఆఫ్ ఆర్క్‌కు 1429లో నిండు కవచమే చేయించారు. 1595-96లో మొగలులు అహమద్‌నగర్ కోట గోడ పగలగొట్టినప్పుడు చాంద్ బీబీ కవచం తొడిగి, ముఖాన ముసుగుతో, దూసిన కత్తితో ఆ గండి దగ్గర నిలిచిందని చెబుతారు. ఇక ఎదురు రొమ్ము రేకును ఆడవారి కోసమని రెండు గుబ్బలుగా మలిస్తే ఏమవుతుంది? మన చాల్ కప్పు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. కప్పు వాలుగా ఉంటే వాననీరు జారిపోతుంది, నడుమ పల్లం పడితే అంతా అక్కడికే చేరుతుంది. కత్తి దెబ్బా అంతే, జారి పక్కకు పోవలసింది నడిబొమికె మీదికి వస్తుంది. మన దేశపు ఎండలకు దూది పెట్టి, పొరలు పొరలుగా కుట్టిన బట్ట కవచాలు కూడా వాడేవారు. "అంటే బొంతనే గదా" అన్నది మా శ్రీమతి. దాదాపు అంతే.

ఆదివారం పిల్లలను ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయానికి తీసుకొని వెళ్ళాము. అక్కడ అక్బరు చక్రవర్తి కవచం ఉంది. దాని మీది పనితనం చూసి అమ్మాయి అన్నది: "రాజుకు గూడ నగిషీ ఉంది గదా బాపూ. నాకు పూలు గావాలె, పొట్ట గూడ కప్పాలె."

అబ్బాయి మారు పలకలేదు. మాకూ తగవు అక్కడే తెగినట్టు తోచింది. సింగారం తప్పు కాదు. డ్రాగన్ ఎగరడమూ తప్పు కాదు, అన్నకైనా చెల్లెలికైనా అది ఒకటే డ్రాగన్. కవచం మాత్రం ఒకరికి రక్షణ, ఇంకొకరికి ప్రదర్శన కావడమే తప్పు. 1996లో పొట్టి నిక్కరుతో వచ్చిన లారా క్రాఫ్ట్ 2013 ఆటలో నిండు ప్యాంటుతో వచ్చింది. ఆడేవారేమీ తగ్గలేదు.

ఇంత చిన్న మాటకు ఇంత రాద్ధాంతమా అనుకోకండి. ఇళ్ళు కట్టడానికి వచ్చిన మన కామాఠీల పేరే ఈ పేటకు వచ్చింది. నేడు ఆ పేరు చెబితే ఎదుటివారి చూపు మారుతుంది. మా పిల్ల బడిలో చిరునామా చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తుంది. గల్లీ దాటే దాకా ఎవరి కళ్ళు ఎక్కడున్నాయో చూసుకొంటూ నడుస్తుంది. ఆ చూపులు లేని చోటని ఆటలోకి వెళ్ళితే, అక్కడా అవే ఎదురైతే ఎలా?

నిన్న చూస్తే ఆమె మగ సిపాయితో ఆడుతోంది. ఇనుము నిండుగా ఉంది. ఏం పేరు పెట్టావంటే "రుద్రదేవ" అన్నది. కాకతీయ రుద్రమను శాసనాలు రుద్రదేవ మహారాజు అన్నాయని మేమే ఒకనాడు చెప్పాము. ఆమె 1289లో పోయిందని చందుపట్ల శాసనం చెబుతున్నది. ఏడు వందల ఏళ్ళు దాటినా, నిండు కవచం కావాలంటే ఆడపిల్ల మగ పేరు పెట్టుకోవలసిందేనా?

మా శ్రీమతి మాత్రం మిషను ఆపి, "ఆ దర్జీ ఎక్కడుంటడో కనుక్కో బిడ్డా" అన్నది.